‘కలిసి చేద్దాం’ అన్నవారితో కలిసే ముందు ఏం చేయాలి

జీడిమెట్లలో ఒక మెషిన్ షాప్ యజమాని తన టేబుల్ మీదున్న ప్రపోజల్‌ను నా వైపు తిప్పి, "సార్, ఇది మీరు పంపిందేనా?" అని అడిగారు. పైన వేరే కంపెనీ లోగో ఉంది. రెండో పేజీలో స్టాక్ తేడాల పట్టిక. అందులో మూడో వరుస: ఈఎన్8 (ఒక రకం ఉక్కు) రౌండ్ బార్, 32 ఎంఎం, తేడా 14 కిలోలు.

ఆ 14 కిలోలు నాకు బాగా తెలుసు. అంతకుముందు ఏడాది బాలానగర్‌లో ఇంకో షాపు స్టోర్స్‌లో నిలబడి నేనే తూకం వేయించి రాసుకున్న లెక్క అది. 32 ఎంఎం బార్ మీటరుకు 6.3 కిలోలు తూగుతుంది. అంటే రెండు మీటర్ల పైచిలుకు ముక్కను ఇష్యూ స్లిప్, అంటే స్టోర్స్ నుంచి సరుకు ఇచ్చినట్టు రాసే చీటీ, లేకుండా ఎవరో కోసుకెళ్లారన్నమాట. ఆ ముక్క ఎటు పోయిందో చివరికి దొరికింది. నా పట్టిక ఎటు పోయిందో మాత్రం జీడిమెట్లలోనే తెలిసింది.

లోగో మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీది. దాని యజమాని నాతో అప్పటికి ఏడు నెలలుగా పార్ట్‌నర్‌షిప్ మాట్లాడుతున్నారు. చిన్న ఫ్యాక్టరీల్లో స్టోర్స్, స్టాక్, తయారీ ఖర్చుల లెక్కలు సరిచేయడం నా పని. ఒక్కడినే చేసుకుంటాను. ఆయన ఈఆర్‌పీ, అంటే ఫ్యాక్టరీ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. స్టోర్స్ గందరగోళంగా ఉన్నచోట ఆయన సాఫ్ట్‌వేర్ నడవదు. నేను సరిచేసిన చోట రెండో నెలకల్లా సాఫ్ట్‌వేర్ కావాలంటారు. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. ఆ ఏడు నెలల్లో 23 మీటింగులు జరిగాయి, మూడు ప్రపోజల్స్ రాశాను, ఉమ్మడి కంపెనీకి పేరు కూడా ఖాయం చేశాం. ఒక్క రూపాయి ఇన్వాయిస్ మాత్రం లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

మీరు కూడా ఒంటరిగా కన్సల్టింగ్ చేసేవారైతే ఈ ‘కలిసి చేద్దాం’ అనే ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు ఏ వరుసలో నడుచుకోవాలో కింద రాస్తున్నాను. ఈ వరుస నాకు ఆ ఏడు నెలల తర్వాత తెలిసింది.

1. ‘కలిసి’ అంటే ఏమిటో మొదటి రోజే అడగండి

ఒకే మాటకు నాలుగు అర్థాలున్నాయి. ఒకటి, మీరు కస్టమర్‌ను పరిచయం చేస్తారు, వాళ్లు కమీషన్ ఇస్తారు. రెండు, కస్టమర్ వాళ్ల మనిషి, మీరు వాళ్ల కింద పని చేసి ఫీజు తీసుకుంటారు. మూడు, ఒక్క ప్రాజెక్టు మట్టుకు ఇద్దరూ చేరతారు, ఎవరి బిల్లు వాళ్లు వేసుకుంటారు. నాలుగు, నిజమైన భాగస్వామ్యం: లాభనష్టాలు, అప్పులు, పేరు, అన్నీ ఉమ్మడి.

మా విషయంలో నేను నాలుగోది అనుకుంటున్నాను. ఆయన మనసులో ఉన్నది రెండోది, అదీ డబ్బులు లేకుండా. ఇద్దరం ‘పార్ట్‌నర్’ అనే మాటే వాడాం కాబట్టి ఐదు నెలల దాకా తేడా బయటపడలేదు.

మొదటి మీటింగ్ లేచే ముందు ఇలా అడగండి: "సార్, ఈ నాలుగింటిలో మీరు అనుకుంటున్నది ఏది?" సూటిగా ఒకటి చెప్పేవాళ్లతో ముందుకెళ్లవచ్చు. "అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు మొదలుపెడదాం" అంటే వాళ్లకు ఇంకా తెలియదని అర్థం, లేదా తెలిసీ చెప్పడం లేదని. ఏదైనా సరే, అప్పటికి మీ దగ్గరున్న సరుకు బయట పెట్టకండి.

2. మీ రోజుల లెక్క రాయండి

ఒక నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో పెట్టుకుని తేదీ, ఎక్కడ కలిశారు, ఎన్ని గంటలు, ఏం తేలింది అని రాయండి. ప్రయాణం కూడా కలపండి. చర్లపల్లి నుంచి సాయంత్రం ఆరింటికి మాదాపూర్ వెళ్లి రావడం అంటే పూట గడిచిపోయినట్టే.

నేను ఈ లెక్క ఆఖర్న, కోపంలో వేశాను. మీటింగులు, ప్రపోజల్స్, వాళ్ల సేల్స్ కుర్రాళ్లకు నేను ఇచ్చిన రెండు ట్రైనింగులు కలిపి 19 పనిదినాలు. నా రోజు ఫీజు 8,000. మొత్తం 1,52,000 రూపాయలు. నెలనెలా వేసుకుని ఉంటే రెండో నెలలోనే ఆగేవాడిని. మన దగ్గర అమ్ముకోవడానికి రోజులు తప్ప ఇంకేమీ లేవు కదా. జీతాలిచ్చే కంపెనీకి మీటింగ్ ఖర్చు కనిపించదు, మనకు అదే ఖర్చు.

నా ఇప్పటి పద్ధతి: రెండు మీటింగులు ఉచితం. మూడోదానికి చేతిలో కాగితమైనా ఉండాలి, ఫీజైనా ఉండాలి.

3. వాళ్ల గురించి మీరే వెతకండి

పిల్లనిచ్చేటప్పుడు నాలుగు ఇళ్లలో వాకబు చేస్తాం. ఇక్కడ మాత్రం లింక్డ్ఇన్ చూసి ఊరుకుంటాం. గంటన్నరలో అయిపోయే పనులివి.

కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ వెబ్‌సైట్‌లో మాస్టర్ డేటా ఉచితంగా కనిపిస్తుంది. ఎప్పుడు పెట్టారు, చివరిగా దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్నది చూడండి. జీఎస్‌టీ పోర్టల్‌లో వాళ్ల నంబర్ కొడితే రిటర్నులు ఏ తేదీన వేశారో నెలవారీగా వస్తుంది. మూడేసి నెలలు ఆలస్యంగా వేస్తున్నారంటే డబ్బు తిరగడం లేదని అనుమానించవచ్చు. ఈ-కోర్ట్స్ సైట్‌లో పార్టీ పేరు మీద కేసులు వెతకవచ్చు. ఒకే పేరుతో పదిమంది ఉంటారు, కంగారు పడకండి.

వీటన్నిటికంటే పనికొచ్చేవి రెండు ఫోన్లు. ఒకటి వాళ్లతో ఇదివరకు కలిసి పనిచేసి బయటికొచ్చిన మనిషికి. రెండోది వాళ్లకు సరుకో సేవో అమ్మే మనిషికి: కంప్యూటర్లు సప్లై చేసేవారు, వెబ్‌సైట్ చేసిన కుర్రాడు, ఎవరైనా సరే. "మంచివాడేనా?" అని అడిగితే అందరూ మంచివాడనే అంటారు. "బిల్లు పెట్టాక ఎన్నాళ్లకు వస్తుంది అన్నా?" అని అడగండి. నేను అడిగినప్పుడు అవతలి మనిషి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఏడు నెలల ముందు విని ఉండాల్సింది.

4. ఎంత చూపించాలి

ఇక్కడ తప్పు నాది కూడా. ఆ 14 కిలోల పట్టిక బాలానగర్ షాపు వాళ్లది. వాళ్ల పేరు తీసేశానే గానీ అంకెలు అలాగే ఉంచి, "నేను ఎలా పని చేస్తానో చూడండి" అని ఉత్సాహంగా పంపేశాను. నా పద్ధతి పోతే పోయింది, ఇంకొకరి స్టోర్స్ లెక్క ఊళ్లో తిరిగింది. ఆ షాపు యజమానికి నేనే ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి ఆర్డర్ కూడా ఇవ్వలేదు.

కాబట్టి, ఏ ఫలితం వచ్చిందో చెప్పండి, ఏ ఫారాలతో ఏ వరుసలో చేశారో చెప్పకండి. నమూనా పట్టిక చూపించక తప్పదంటే కల్పిత అంకెలతో కొత్తది తయారుచేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు పంపకండి. పీడీఎఫ్ పంపినా కాపీ ఆగదు, కానీ ప్రతి పేజీలో మీ పేరు, తేదీ ఉంటే తర్వాత మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. వైట్‌బోర్డు మీద రాసింది లేచే ముందు చెరిపేయండి. ఇది చాదస్తంగా కనిపిస్తుందని తెలుసు.

రహస్య ఒప్పందం, అదే ఎన్‌డీఏ, రాసుకోండి. అది దొంగను ఆపదు. కానీ సంతకం పెట్టమనగానే ముఖం ఎలా మారుతుందో చూడటానికి బాగా పనికొస్తుంది. "మనం మనం ఒకటి సార్, పేపర్లు ఎందుకు?" అని ఆ మాదాపూర్ ఆయన అన్నారు. నేను మొహమాటపడి కాగితం మళ్లీ బ్యాగులో పెట్టేశాను.

ఇంకో సంగతి. మీరు రాసిన ప్రపోజల్, మాన్యువల్, ఫారాలు రాతలో ఎవరికీ ఇచ్చేయనంతవరకు కాపీరైట్ మీదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. అయితే ఈ రక్షణ రాతకే. ‘స్టోర్స్ ముందు సరిచేసి తర్వాత సాఫ్ట్‌వేర్ వేయాలి’ అనే ఆలోచనకు కాపీరైట్ లేదు.

5. ఒక చిన్న పని, డబ్బుతో

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే, మిగతావి మరిచిపోయినా ఇది చేయండి. కంపెనీ పేరు, లోగో, ఐదేళ్ల ప్లాను అన్నీ పక్కన పెట్టి, మూడు నాలుగు వారాల్లో అయిపోయే ఒక పనిని, ఒక కస్టమర్ దగ్గర, ఇద్దరూ కలిసి చేయండి. డబ్బు కస్టమర్ నుంచి ఒకరి ఖాతాకు, అక్కడి నుంచి ఇంకొకరి ఖాతాకు కదలాలి. అది కదిలే తీరులో అవతలి మనిషి కనిపించినంతగా 23 మీటింగుల్లో కనిపించరు.

ముందే తేల్చుకోవాల్సింది శాతం కాదు, ఆ శాతం దేని మీద అన్నది. నోటి మాటగా 60-40 అనుకున్నారనుకోండి. కస్టమర్ ఫీజు 2,00,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 36,000. ఆ 36,000 ఎవరిదీ కాదు, ప్రభుత్వానిది. మొత్తం ఫీజు మీద 40 శాతం అయితే మీకు 80,000. "ఆఫీసు ఖర్చులు 25 శాతం తీశాక మిగిలినదాంట్లో" అంటే 1,50,000 మీద 40 శాతం, అంటే 60,000. అదే 60-40, అదే పని, 20,000 తేడా. ఆ ‘ఆఫీసు ఖర్చులు’ అనే మాట సాధారణంగా పని అయ్యాకే వినిపిస్తుంది.

టీడీఎస్, అంటే ఫీజు ఇచ్చేవారు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను సంగతి కూడా మాట్లాడుకోండి. ప్రొఫెషనల్ ఫీజుగా చూస్తే 10 శాతం, టెక్నికల్ సేవగా చూస్తే 2 శాతం పట్టుకుంటారు. పనిని బట్టి మారుతుంది కాబట్టి ఇద్దరి సీఏలూ ఒకే మాట మీద ఉండాలి. మీ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటక, జీఎస్‌టీ నమోదు లేకపోతే మీ బిల్లులో జీఎస్‌టీ ఉండదు. అది ముందే చెప్పండి.

ఇవన్నీ పెద్ద అగ్రిమెంట్‌గా రాయక్కర్లేదు. ఒక్క ఈమెయిల్ చాలు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి ఐటీ చట్టంలోనే ఉంది. నేను ఇప్పుడు పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్కారం సార్. నిన్న అనుకున్నవి రాస్తున్నాను. పని: ఫలానా యూనిట్‌లో స్టోర్స్ లెక్కింపు, ఐటం కోడింగ్, నాలుగు వారాలు. కస్టమర్‌కు బిల్లు మీరు వేస్తారు. లెక్కింపు, కోడింగ్ నా బాధ్యత. డేటా ఎక్కించడం మీది. నా ఫీజు 80,000, ఏ ఖర్చులూ తీయకుండా. సగం మొదలుపెట్టే రోజు, సగం పని ముగిసిన 15 రోజుల్లో, కస్టమర్ మీకు ఇచ్చినా ఇవ్వకపోయినా. నా ఫారాలు ఈ ఒక్క పనికే. సరేనంటే జవాబు ఇవ్వండి, సోమవారం మొదలుపెడతాను."

ఇందులో చాలామంది బేరం ఆడేది ‘కస్టమర్ ఇచ్చినా ఇవ్వకపోయినా’ దగ్గర. కొంత తగ్గవచ్చు. కానీ "వాళ్లు ఇచ్చాకే మీకు" అంటే కస్టమర్‌తో మాట్లాడే హక్కు, బిల్లు కాపీ చూసే హక్కు మీకూ ఉండాలి. లేకపోతే వాళ్లు ఇచ్చారో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. జవాబు వాయిస్ నోట్‌లో వస్తే, "సరే అని రాతలో ఒక్క ముక్క పెట్టండి సార్" అని అడగండి.

ఈ పనికి ముందే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేసుకోండి. ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతలో గడువు ఉంటే ఆ గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా చెల్లించాలి. రాత లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. అంతదూరం వెళ్లాల్సి రాకూడదు గానీ, బిల్లు మీద ఉద్యం నంబర్ కనిపిస్తే అకౌంట్స్ వాళ్లు కాస్త త్వరగా కదులుతారు.

6. వాయిదాలకు తేదీ పెట్టండి

"వచ్చే వారం కూర్చుందాం", "మా సీఏ ఊళ్లో లేడు", "ఈ క్వార్టర్ అయిపోనివ్వండి". ఒక్కోటి విడిగా నిజమే కావచ్చు. మూడు వరుసగా వస్తే మీరే తేదీ చెప్పండి: "ఈ నెల 20 లోగా తేలకపోతే నేను వేరే పని ఒప్పుకుంటాను సార్." చెప్పాక 21న నిజంగానే ఒప్పుకోండి. మాట్లాడుతున్నాం కదా అని ఖాళీగా ఉంచుకున్న రోజులకు ఎవరూ డబ్బివ్వరు. ఆ ఏడు నెలల్లో నేను వదులుకున్న రెండు పనుల్లో ఒకటి మా బావమరిది స్నేహితుడి ఫ్యాక్టరీది. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు.

7. కుదిరిందా, అయితే కాగితాలు

చిన్న పని బాగా జరిగి, డబ్బు చెప్పిన రోజుకు వచ్చి, ఇద్దరికీ ఇంకోటి చేయాలనిపిస్తే అప్పుడు సీఏ దగ్గరికి వెళ్లండి. మామూలు భాగస్వామ్య సంస్థ 1932 చట్టం కింద నడుస్తుంది. రెండు విషయాలు బుర్రలో ఉంచుకోండి. సంస్థ అప్పులకు భాగస్వాములందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. అంటే అప్పిచ్చినవాడు మొత్తం మీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు. ఇక వాటాల మీద ఒప్పందమేదీ లేకపోతే లాభమూ నష్టమూ సమానమే. నోటితో 60-40 అనుకున్నా చెల్లుతుంది గానీ, రాతలో లేకపోతే రుజువు చేయడం కష్టం. సంస్థను రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు, కానీ చేయకపోతే బాకీ రాబట్టుకోవడానికి సంస్థ తరఫున కోర్టులో దావా వేయలేరు.

ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం అయితే ఆ అప్పుల భయం చాలావరకు తగ్గుతుంది. బదులుగా వ్యాపారం జరగకపోయినా ఏటా ఫారం 11, ఫారం 8 వేయాలి. ‘ట్రై చేద్దాం’ దశలో ఎల్‌ఎల్‌పీ పెట్టకండి. మూయడం పెట్టినంత తేలిక కాదు.

విజిటింగ్ కార్డు దగ్గర జాగ్రత్త. మాదాపూర్ ఆయన నాలుగో నెలలోనే నా పేరు కింద ‘పార్ట్‌నర్’ అని కార్డులు కొట్టించి ఇచ్చారు. ముచ్చటపడి పంచాను. ఒకరు తనను భాగస్వామిగా చెప్పుకున్నా, తెలిసి చెప్పనిచ్చినా, దాన్ని నమ్మి ఆ సంస్థకు అప్పిచ్చినవారికి భాగస్వామిలాగే బాధ్యుడవుతాడని ఆ 1932 చట్టంలోనే ఉంది. భాగస్వామ్య పత్రం లేదు, వాటా లేదు, బాధ్యత మాత్రం రావచ్చు. మిగిలిన కార్డులు చింపేశాను.

ఒప్పందంలో ముందుగా విడిపోయే పేజీ రాయించండి. ఎన్ని రోజుల నోటీసు, నడుస్తున్న పనులు ఎవరివి, కస్టమర్లు ఎవరివి, పేరు ఎవరిది. ‘బయటికెళ్తే మూడేళ్లు ఇదే పని చేయకూడదు’ అనే షరతు పెడితే ఊరికే సంతకం పెట్టకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది, కానీ భాగస్వాముల విషయంలో సమంజసమైన హద్దులకు 1932 చట్టం చోటిస్తుంది. అందుకే ఈ ఒక్క పేరా లాయర్‌కు చూపించండి.

8. కుదరకపోతే

గొడవ పడే ముందు మూడు పనులు. ఇచ్చిన ఫైళ్ల జాబితాతో, వాటిని వాడవద్దని ఒక మర్యాదైన ఈమెయిల్. మీరు పరిచయం చేసిన కస్టమర్లకు ఫోన్: "మేం కలిసి చేయడం లేదండీ, నా పని నేను మామూలుగానే చేస్తున్నాను" అంతే, చాడీలు వద్దు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ ఫోటో, పేరు ఉంటే తీసేయమని గడువుతో అడగడం.

నేను ఈ మూడూ చేశాను. లాయర్ నోటీసు పంపుదామనుకున్నాను గానీ, ఇరవయ్యో రోజు కూడా ఆయన మీద ఖర్చుపెట్టాలనిపించలేదు. జీడిమెట్ల ఆయనకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ప్రపోజల్‌ను మడిచి డ్రాయర్‌లో పెట్టి, "స్టోర్స్ పని మీరు చేయండి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. సగం అడ్వాన్స్ ఆ సాయంత్రమే వచ్చింది.

ఈ మధ్య విశాఖ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడా ఒంటరి కన్సల్టెంటే, ఆటోనగర్ యూనిట్లలో క్వాలిటీ పని చేస్తారు. "కలిసి చేద్దామా అండీ?" అన్నారు. నాలుగు రకాల్లో ఏదని అడిగాను. "మూడోది" అన్నారు తడుముకోకుండా. ఈమెయిల్ పంపితే, రెండో భాగానికి గడువు 15 రోజులు కాదు, 10 చేయమని దిద్ది తిరిగి పంపారు. వచ్చే సోమవారం మొదలు.